వందనాలు, స్తోత్రం, సమాధానం: చెన్నై క్రైస్తవ తెలుగులో పలకరింపులు

పోయిన క్రిస్మసుకి మా అమ్మాయి పిల్లల్ని తీసుకుని హైదరాబాదు నుంచి వచ్చింది. మనవడికి తొమ్మిదేళ్లు. బడిలో తెలుగు రెండో భాష. పండగ ఆరాధనలో ప్రభువు బల్లకి ముందు అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని "సమాధానం, సమాధానం" అనుకుంటూ ఉంటే వాడు కాసేపు చూసి, నా చొక్కా కొస లాగి అడిగాడు: "తాతా, క్వశ్చన్ ఎవరడిగారు?"

వాడి బాధ నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంటికొచ్చి భోజనాలయ్యాక తెలిసింది. వాళ్ల పుస్తకంలో ప్రతి పాఠం చివరా "క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము" అని ఉంటుంది. వాడికి సమాధానమంటే జవాబు, అంతే. ఇంతమంది పెద్దవాళ్లు చేతులు పట్టుకుని ఒకరికొకరు జవాబులెందుకు చెప్పుకుంటున్నారో వాడికి తెలియలేదు. నవ్వేశాం కానీ, ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. అరవై ఏళ్లుగా ఆ మాట అంటున్నవాణ్ణి, దాని సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. బి.కాం. చదివి ముప్పై ఆరేళ్లు బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి, భాషాశాస్త్రం నా పని కాదు. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

ముందు ఆ మాట సంగతి. సంస్కృతంలో సమాధానమంటే ఒకచోట చేర్చి కుదురుగా ఉంచటం. చెదిరిన మనసుని ఒక చోటికి తెస్తే అదీ సమాధానమే. వేదాంతులు శమం, దమం అంటూ చెప్పే ఆరు గుణాల్లో చివరిది ఇదే. ప్రశ్నతో కదిలిన మనసుని కుదుటపరిచేది కాబట్టి జవాబుకి కూడా ఆ పేరొచ్చి ఉంటుందని నా ఊహ. తెలుగులో జవాబు అన్న అర్థం బలపడి, మిగతావి వెనక్కి పోయినై. పూర్తిగా పోలేదు. ఏడ్చే పిల్లని సమాధానపరుస్తాం. కొట్లాడుకున్న ఇద్దరూ సమాధానపడ్డారంటాం. పక్క భాషల్లో మటుకు పాత అర్థమే ముందు వరసలో ఉంది. కన్నడం వాళ్లు "సమాధాన మాడ్కొళ్ళి" అంటే కాస్త శాంతించండి అని. తమిళంలో, మలయాళంలో సమాధానమంటే శాంతి, రాజీ. మన పెరంబూరు వీధుల్లో ఇద్దరు తన్నుకుంటే మూడోవాడు వచ్చి "సమాదానమా పోంగప్పా" అంటాడు. ఏ జవాబూ అడగడు.

అందుకే ఈ మాట హైదరాబాదు పిల్లవాడికి వింతగా ఉంటుంది, మద్రాసు పిల్లవాడికి ఉండదు. మన తెలుగు పక్కన ఎప్పుడూ తమిళం ఉంటుంది కాబట్టి పాత అర్థం మన నోట్లో ఇంకా సజీవంగానే ఉంది. "వాళ్లిద్దరూ సమాధానం అయిపోయినారు" అని మా ఇంట్లో మామూలుగా అంటాం. ఇది తమిళం నుంచి తెచ్చుకున్నదా, మన పాత తెలుగే ఇక్కడ మిగిలిందా అంటే, రెండూ అనుకుంటాను. మనల్ని చూసి "మీది కల్తీ తెలుగు" అనేవాళ్లకి చెప్పటానికి ఇదొక మంచి ఉదాహరణ. అవతల పోయింది కొంత ఇక్కడ ఉంది.

బ్యాంకువాణ్ణి కాబట్టి ఇంకో మాట. మా దగ్గర రికన్సిలియేషన్ అని ఒక సెక్షను ఉండేది. రెండు బ్రాంచీల పుస్తకాల్లో ఒకే లావాదేవీ రెండు రకాలుగా ఉంటే, తేడా ఎక్కడుందో పట్టుకుని రెండు లెక్కలూ కలపాలి. అంతవరకూ ఆ మొత్తం సస్పెన్స్ ఖాతాలో కూర్చుని ఉంటుంది. ఆ ఇంగ్లీషు మాటకి తెలుగు బైబిలు వాడినది సమాధానపరచటమే. అంటే తెలుగు క్రైస్తవుడికి శాంతికీ, తేడా తీర్చుకోవటానికీ ఒకటే మాట. ఇంగ్లీషులో అవి రెండు వేరు మాటలు. ఈ సౌకర్యం మనకుందని నేను రిటైరయ్యాకగానీ గమనించలేదు.

హీబ్రూలో షాలోమ్ అన్నది రోజువారీ పలకరింపు. అరబ్బీ సలాం దానికి చెల్లెలు, ధాతువు ఒకటే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బ్రాంచి గేటు దగ్గర వాచ్‌మన్ "సలాం సార్" అనేవాడు. అది మద్రాసులో అందరి మాట, ఏ మతమూ లేదు దానికి. ఆయన రోజూ నాకు శాంతి ఇస్తున్నాడని నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు. షాలోమ్ అంటే గొడవ లేకపోవటం ఒక్కటే కాదు. ఒళ్లు బాగుండటం, పంట బాగుండటం, ఇంట్లోవాళ్లు బాగుండటం, అన్నీ కలిపి. అందుకే అదే హీబ్రూ మాటని మన అనువాదకులు కొన్నిచోట్ల సమాధానమనీ, కొన్నిచోట్ల క్షేమమనీ రాశారు. అన్నల యోగక్షేమాలు కనుక్కు రమ్మని యాకోబు యోసేపుని పంపినచోట మూలంలో ఉన్నది షాలోమే. అంటే మన పాత ఉత్తరాల్లో "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అని రాసేవాళ్లే, అది సరిగ్గా ఆ మాటే. పౌలు తన ఉత్తరాల మొదట్లో గ్రీకువాళ్ల మామూలు పలకరింపుని కొంచెం తిప్పి కృప అని రాసి, పక్కన తన యూదు సమాధానాన్ని కలిపాడు. రెండు ఊళ్ల అలవాట్లు కలిపి ఒక పలకరింపు తయారు చేశాడన్నమాట. చెన్నైలో ఉండే మనకి ఇది కొత్త కాదు.

మరి సమాధానం ఇంత పెద్ద మాటైతే, తెలుగు క్రైస్తవులు వీధిలో కలిసినప్పుడు అది ఎందుకు అనరు? వందనాలు అంటారు. "వందనాలండీ", "అయ్యగారూ వందనాలు", "అమ్మగారికి వందనాలు చెప్పానని చెప్పు." నెల్లూరు, గుంటూరు, ప్రకాశం, ఎటు పోయినా బస్సులో ఒకాయన ఇంకొకాయనకి వందనాలు అన్నాడంటే సగం ఆనవాలు దొరికినట్టే. ఇది బైబిలు నుంచే వచ్చిందని నా అభిప్రాయం. పౌలు రోమావాళ్లకి రాసిన ఉత్తరం ఆఖరి అధ్యాయంలో ఫలానావాళ్లని పలకరించండి, ఫలానావాళ్లని పలకరించండి అని పెద్ద జాబితా ఉంటుంది. తెలుగులో అవన్నీ వందనాలే. తమిళ బైబిలులో అక్కడ వాళ్త్తుదల్ అని ఉంటుంది. అందుకే తమిళ క్రైస్తవుడి నోట వందనం అంతగా రాదు. ఆయన "స్తోత్తిరం" అంటాడు, పాతవాళ్లైతే "తోత్తిరం". చూడండి తేడా. వందనం ఎదుటి మనిషికి పెడతాం. స్తోత్రం దేవుడికి చెబుతాం, ఎదుటి మనిషి దానికి సాక్షి. కేరళ సిరియన్ కతోలికులు "ఈశో మిశిహాయ్క్కు స్తుతియాయిరిక్కట్టె" అన్నా ఆ పద్ధతే.

మా అమ్మవాళ్లది నెల్లూరు వైపు బాప్టిస్టు కుటుంబం. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840 నుంచి ఉన్నారు, 1878లో లైమన్ జూయెట్ దొరగారు మద్రాసు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టారు. నాన్నవాళ్లది కడప వైపు, లండన్ మిషను. తాత బి అండ్ సి మిల్లులో పనికని పెరంబూరు చేరాడు. కాబట్టి మా ఇంట్లో అమ్మ "వందనాలు" అనేది, నాన్న "దండాలు" అనేవాడు, పక్కింటి తమిళ ఆంటీకి ఇద్దరూ "స్తోత్రం" అనేవాళ్లు. పిల్లలం మేం "స్తోత్రమండీ" అనేవాళ్లం, తమిళ మాటకి తెలుగు తోక. అవ్వకి ఏది చెప్పినా ఆమె బదులు ఒకటే: "సల్లగుండు నాయనా." ఇన్నేళ్లకి అనిపిస్తుంది, ఎండల్లో బతికే మనవాళ్లకి షాలోమ్ అంటే అదేనేమో. అవ్వకి చదువు లేదు, అనువాదకుల కమిటీ ఆమెని అడగలేదు.

అలాగే వ్యాకరణం సంగతి. సమాధానం "కలుగును గాక" అనాలి. ఆ "గాక" మన మాటల్లోంచి ఎప్పుడో పోయింది. దీవెనలోనూ, శాపంలోనూ, ప్రార్థనలోనూ తప్ప ఎక్కడా వినపడదు. కూరగాయల కొట్టు దగ్గర ఎవరైనా "నీకు సమాధానము కలుగును గాక" అంటే కొట్టువాడు బెదిరిపోతాడు. వందనాలు ఒక్క మాటలో అయిపోతుంది, గాక అక్కర్లేదు. అది వీధిలో నిలబడటానికీ, సమాధానం గుళ్లో ఉండిపోవటానికీ ఇదొక కారణం.

మిషనరీలకి రోజువారీ మాటలు పట్టలేదని మటుకు అనకండి. బెంజమిన్ షుల్జ్ అని ఒక జర్మన్ పాదిరీ తరంగంబాడి వదిలి 1726లో మద్రాసు వచ్చాడు. ఇక్కడ జనం సగం తెలుగు మాట్లాడటం చూసి తెలుగు నేర్చుకుని, 1728 నాటికి తెలుగు వ్యాకరణం రాశాడు. తిరిగి వెళ్లాక జర్మనీలోని హాలె పట్టణంలో 1746, 47 ప్రాంతంలో తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చైన మొదటి తెలుగు పుస్తకాలు అవేనంటారు. మద్రాసు ఊరి జీవితం మీద ముప్పై సంభాషణలు రాసి, వాటి ఇంగ్లీషు పాఠాన్ని 1750లో అదే ఊళ్లో అచ్చు వేశాడు. మన జార్జిటౌను బజారు మూడువందల ఏళ్ల కిందట ఎలా మాట్లాడేదో కొంచెమైనా తెలుసుకోవాలంటే ఆ పాదిరీ దగ్గరికే పోవాలి. దీని గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఆపుతాను.

ఇప్పుడు గుళ్లో చెయ్యి పట్టుకునే సంగతి. ఇది ఎక్కడినుంచో దిగిన పాశ్చాత్య ఆచారమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది మన ఊరి కథ. మొదటి సంఘాల్లో ఒకరికొకరు పవిత్రమైన ముద్దు పెట్టుకునేవాళ్లు. యూత్ మీటింగులో ఆ వాక్యం చదివినప్పుడల్లా వెనక వరసలో నవ్వులు తప్పవు. రెండో శతాబ్దపు జస్టిన్ కూడా ఇది రాశాడు: ప్రార్థన అయ్యాక ముద్దు, ఆ తర్వాత రొట్టె. తర్వాత్తర్వాత పశ్చిమ దేశాల్లో అది గురువుల వరకే కుదించుకుపోయింది, ప్రొటెస్టెంటు సంఘాల్లో దాదాపు లేకుండానే పోయింది. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో మటుకు చెయ్యి నుంచి చేతికి అందించుకునే పద్ధతిగా మిగిలింది. వాళ్లు దాన్ని కయ్యసూరి అంటారు.

1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి, కెథీడ్రల్ రోడ్డులోని సెయింట్ జార్జి కెథీడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కలిసి ఉన్న ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అంతా ఒకటయ్యారు. మా నాన్నవాళ్ల లండన్ మిషను సంఘాలూ అందులో చేరినై. అందరికీ కలిపి ఒక ఆరాధన క్రమం కావాలి కదా. 1950లో తయారైన ప్రభు భోజన క్రమంలో సమాధానం ఇచ్చుకోవటాన్ని, సిరియన్ల దగ్గర నేర్చుకుని, జనం మధ్యకి తెచ్చారు. పద్ధతి ఇలా: ఇచ్చేవాడు తన కుడి అరచేతిని పుచ్చుకునేవాడి కుడి అరచేతికి ఆనిస్తాడు, ఇద్దరూ ఎడమ చేత్తో ఎదుటివాడి కుడి చేతిని మూస్తారు. అయ్యగారు బల్ల దగ్గర మొదలుపెడితే, అది వరస వరసగా చివరి బెంచీ వరకూ వస్తుంది. ఇంగ్లండు, అమెరికా సంఘాలు తమ క్రమాలు మార్చుకునేటప్పుడు మన క్రమాన్ని శ్రద్ధగా చూశాయి. కతోలికుల్లో రెండో వాటికన్ మహాసభ తర్వాత వచ్చింది. 1969లో ఇండియాకి అనుమతించిన పన్నెండు మార్పుల్లో ఇదీ ఒకటి: చేతులు జోడించి గానీ, ఎదుటివాడి చేతుల మధ్య చేతులుంచి గానీ శాంతి ఇచ్చుకోవచ్చని.

అరచేతికి అరచెయ్యి తగలటం మన దేశంలో చిన్న సంగతి కాదు. గుళ్లో కులం వారీగా కూర్చోవటం మానాలని 1833లో బిషప్ డేనియల్ విల్సన్ ఆజ్ఞ పంపితే, మన వేపేరిలోనే చాలామంది ఎదురు తిరిగారు. అది జరిగిన నూటపదిహేడేళ్లకి ఈ క్రమం వచ్చింది. మా నాన్న చెప్పేవాడు, మిల్లులో పక్కనే పనిచేస్తూ మంచినీళ్ల గ్లాసు వేరుగా పెట్టుకున్నవాళ్లు కూడా గుళ్లో ఆ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చిందని. మొదట్లో కొందరు సరిగ్గా ఆ సమయానికి దగ్గొచ్చినట్టు బయటికి పోయేవాళ్లట. మా చిన్నతనంలో కార్పొరేషనులో ఊడ్చే పని చేసే ఒకామె మా ముందు వరసలో కూర్చునేది. తిరిగి మా అవ్వకి సమాధానం ఇచ్చేది. అవ్వ ఆ చేతిని చాలాసేపు వదిలేది కాదు. అది నాకు బాగా గుర్తు.

ఈ సమాధానం సరిగ్గా కానుకలకి ముందు ఎందుకు వస్తుందంటే, మత్తయి 5వ అధ్యాయంలో ఒక సూచన ఉంది. కానుక తెచ్చినప్పుడు, నీ మీద నీ సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి పోయి ముందు అతనితో సమాధానపడాలి. ఆ అధ్యాయం నాకు కంఠతా వచ్చు. అయినా పదకొండేళ్లు నేను చేసింది వేరు.

మా పెద్దనాన్న కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. వ్యాపారానికి అప్పు కావాలని నేను పనిచేసే బ్రాంచికి దరఖాస్తు పెట్టాడు. కాగితాలు సరిగా లేవు. నేను సిఫారసు చెయ్యలేదు. చెయ్యకపోవటం తప్పని ఇప్పటికీ అనుకోను. తప్పేమిటంటే, అది నేను ఇంటికి పోయి చెప్పలేదు. ఆఫీసు ఉత్తరం పోస్టులో పంపాను, సొంత అన్నకి, "దేర్ సర్" అని టైపు చేసి. అప్పట్నుంచి మాటల్లేవు. ఇద్దరం ఒకే గుడి, ఒకే వైపు బెంచీలు. నెలనెలా ఆయన చెయ్యి నా చేతికి వచ్చేది, "సమాధానం" అనేవాడు, నేనూ అనేవాణ్ణి. కళ్లు మటుకు బల్ల వైపు. క్రమం ప్రకారం అంతా సవ్యమే, ఆడిటువాడికి ఒక్క తప్పు దొరకదు. ఆ మొత్తం సస్పెన్స్‌లోనే ఉంది.

2020లో కరోనా వచ్చి గుళ్లు మూశారు. మళ్లీ తెరిచాక చెయ్యి పట్టుకోవటం ఆపేసి, దూరంగా నిలబడి దణ్ణం పెట్టుకోమన్నారు. బెంచీకి ఇద్దరే. ఆ రోజు ఆయన మాస్కు పెట్టుకుని నా వైపు తిరిగి చేతులు జోడించాడు. సమాధానం అనలేదు. "ఏంరా, బాగుండావా?" అన్నాడు. మేం చిన్నప్పుడు అనుకునే కడప మాట. నా గొంతు పెగల్లేదు. "బాగుండానన్నా" అనటానికి కొంత టైము పట్టింది. ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి వదినకి షుగరెంత ఉందో, మా అమ్మాయి కాన్పెప్పుడో, ఇవే మాట్లాడుకున్నాం. అప్పు ఊసు ఇద్దరం ఎత్తలేదు. ఆ ఉత్తరం సంగతి మరుసటి వారం వాళ్లింటికి పోయి నేనే ఎత్తాను. ఆయన "పోనీలేరా" అన్నాడు, కానీ నన్ను పూర్తిగా చెప్పనిచ్చాడు.

ఇప్పటి పిల్లలు "ప్రైజ్ ది లార్డ్" అంటారు, ఫోనులో మూడు ఇంగ్లీషు అక్షరాలు కొడతారు. కొందరు షాలోమ్ అంటారు, కొందరు మరనాత. నాకు అభ్యంతరం లేదు. వందనాలు కూడా ఒకప్పుడు పుస్తకంలోంచి దిగిన కొత్త మాటే కదా. కానీ చెన్నై తెలుగు ఇళ్లలో ఈ పాత పలకరింపులు ఏవి ఎంతవరకూ మిగిలి ఉన్నాయో రాసి పెట్టుకోవాలని ఉంది. వ్యాసర్పాడి, పులియంతోపు, రాయపురం వైపు ఉన్నవాళ్లు చెప్పండి: మీ ఇంట్లో పెద్దవాళ్లకి స్తోత్రం అంటే బదులేమనేవాళ్లు? స్తోత్రమనే అనేవాళ్లా, దీవెన ఇచ్చేవాళ్లా? "సల్లగుండు" మా అవ్వ ఒక్కదాని మాటా, మీ వైపు కూడా ఉందా?

మనవడికి మటుకు నేను ఇంతా చెప్పలేదు. మా అన్న సాయంత్రం కేకు తీసుకుని ఇంటికొచ్చాడు. వాడు తలుపు తీసి, గుళ్లో చూసినట్టే రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని, "ఆన్సర్, తాతా" అన్నాడు.